మూడు ప్రతుల బాబాయి

మా ఎలిఫలెట్ బాబాయి ఏ ఉత్తరం రాసినా మూడు ప్రతులు పంపేవాడు. మొదటిది సోమవారం తపాలాలో, రెండోది గురువారం తపాలాలో, మూడోది మళ్ళీ సోమవారం. మూడింటికీ అక్షరం తేడా ఉండేది కాదు. రాసేదాన్ని నేనే కాబట్టి ఆ మాట ప్రమాణం చేసి చెప్పగలను. ఆయన చెప్పేవాడు, నేను మూడుసార్లు రాసి, నాలుగోసారి నకళ్ళ పుస్తకంలోకి ఎక్కించేదాన్ని. మా వెక్స్‌బరీ ఊళ్ళో బాతులన్నీ ఆయన కలాల కోసం ఈకలు ఇచ్చీ ఇచ్చీ చలికాలంలో వణికేవని చెబితే కొంచెం ఎక్కువ చేసినట్టే, కాని మరీ ఎక్కువ కాదు.

మా అమెరికా ఇంగ్లండు నుంచి విడిపోయిన యుద్ధకాలంలో బాబాయి హాలండు దేశంలో మన రాయబారి దగ్గర కార్యదర్శిగా ఉన్నాడు. తిరిగొచ్చాక రెండు దఫాలు కాంగ్రెసు సభలో కూర్చున్నాడు. హాలండు రోజుల్లో సముద్రం నిండా ఇంగ్లీషు వాళ్ళ ఓడలే. ఇంటికి ఉత్తరం పంపాలంటే మూడు ప్రతులు రాసి మూడు ఓడల్లో పంపేవారట. ఒకటి పట్టుబడేది, ఒకటి మునిగేది, అదృష్టం బాగుంటే ఒకటి చేరేది. ఆ అలవాటు ఆయన్ని ఇంకా వదల్లేదని ఊరంతా అనుకునేది. భర్త పోయి పదిహేడు వందల తొంభై నాలుగులో ఆ ఇంటికి చేరిన నేనూ అదే అనుకున్నాను.

"బాబాయ్, గ్రీన్‌బ్రిడ్జ్‌కీ మనకీ మధ్య సముద్రం లేదు కదా" అన్నాను ఒకసారి, మూడో ప్రతికి కాగితం తీస్తూ.

"వాగుంది కదమ్మా."

"మోకాలి లోతు వాగు. నిన్న మన దూడ కూడా దాటింది."

"దూడ దగ్గర ఉత్తరం లేదుగా. రాయి."

ఒక వసంతంలో హార్ట్‌ఫర్డ్‌లో కొత్తగా కొట్టు పెట్టిన విత్తనాల వర్తకుడికి ఒక బస్తా విత్తనపు ఉల్లిగడ్డలు పంపమని రాయించాడు. ఆ వర్తకుడికి బాబాయి సంగతి తెలియదు పాపం. మూడు ఉత్తరాలకీ మూడు బస్తాలు పంపాడు. పారేయడానికి మనసొప్పక పెరడంతా నాటాం, మిగిలింది ఇరుగుపొరుగుకి పంచాం. ఆ యేడు మా ఊళ్ళో ఎవరు ఎవరింటికి వెళ్ళినా ఉల్లిపాయలే ఎదురొచ్చాయి. ప్రార్థన మందిరంలో ఊరంతా నోరు తెరిచి కీర్తన అందుకుంటే ముందు వరసలో కూర్చున్న పాస్టరు గారి భార్య రుమాలు తీసుకునేది. భక్తితో కన్నీళ్ళు పెట్టుకుంటోందని మొదటి వారం నేను చాలా మెచ్చుకున్నాను.

ఇంకోసారి పొరుగు రాష్ట్రపు మాజీ గవర్నరు గారి భార్య కాలం చేస్తే బాబాయి సంతాపం రాయించాడు. చాలా మంచి ఉత్తరం. రాస్తూ నేనే రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాను. మొదటి రెండూ వేళకే చేరాయి. మూడో ప్రతి మంచులో చిక్కుకుని, చలికాలమంతా ఏదో సత్రంలో పడుకుని, మంచు కరిగాక లేచి వెళ్ళి ఏప్రిల్లో సరిగ్గా గవర్నరు గారి రెండో పెళ్ళి విందు మధ్యలో చేరింది. ఎవరో శుభాకాంక్షలు పంపారనుకుని ఆయన నలుగురిలోనూ గట్టిగా చదవడం మొదలుపెట్టాడట.

మా పక్కింటి థాంక్‌ఫుల్ పెక్ ఈ కథ విని కంచె మీద చేతులానించి నవ్వింది. "మీ బాబాయి పెళ్ళి చేసుకోకపోవడమే మేలైంది మైండ్‌వెల్. పిల్లని ఇమ్మని మూడు ఉత్తరాలు రాసుంటే, ఇంటికి ముగ్గురు పెళ్ళాలు దిగేవాళ్ళు."

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కాని, మా దేశంలో ఉత్తరానికి రుసుము పంపినవాడు కాదు, అందుకున్నవాడు ఇచ్చుకోవాలి. అంటే బాబాయి ముచ్చట బాబాయిది, ఖర్చు లోకానిది. లోకం చాలావరకు ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది గ్రీన్‌బ్రిడ్జ్‌లో ఉండే గర్డన్ సెలెక్ గారు ఒక్కరే.

సెలెక్ గారు, బాబాయి ఒకప్పుడు కాంగ్రెసులో ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకే గదిలో అద్దెకుండి, ఒకే దుప్పటి కింద దగ్గిన స్నేహితులు. ఇంగ్లండుతో ఒడంబడిక వచ్చిన యేడు ఇద్దరికీ చెడింది. బాబాయి ఒడంబడిక కావాలన్న ఫెడరలిస్టు పక్షం, ఆయన వద్దన్న రిపబ్లికన్ పక్షం. ఆనాటినుంచి తొమ్మిదేళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఉత్తరాలు మాత్రం మానలేదు. పొద్దున్న లేస్తే తిట్టుకోవడమే. అయితే పెద్దమనుషుల తిట్లు కాబట్టి చివర సంతకం పద్ధతిగానే ఉండేది. సెలెక్ గారి జవాబు ఒకటి నాకు కంఠతా వచ్చు:

"అయ్యా, తమరు నాలుగో తేదీన రాసిన ఉత్తరం అందింది. నేను గాడిదనని అందులో చదువుకున్నాను. గురువారం మళ్ళీ అందింది. అప్పుడూ గాడిదనే. సోమవారానికైనా ఏమైనా మారానేమోనని ఆశగా విప్పాను. ఒక్క గాడిదకి మూడు రుసుములు న్యాయమేనా? తమ అత్యంత విధేయుడైన సేవకుడు, గర్డన్ సెలెక్."

బాబాయి అది చదివి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మనసు నొచ్చుకున్నాడేమో అనుకున్నాను. భుజాలు కదులుతుంటే దగ్గరికెళ్ళి చూశాను. నవ్వుతున్నాడు. "గర్డన్‌కి ఇంకా పదును తగ్గలేదమ్మా" అని, వెంటనే జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. మూడు ప్రతులు.

ఆ ఓర్పు కూడా ఒక రోజు అయిపోయింది. ఈ యేటి మే నెలలో సెలెక్ గారు తపాలా శాఖకే ఫిర్యాదు రాశారు. ఆ ఫిర్యాదు దెబ్బ బాబాయికి తగల్లేదు. మా ఊరి తపాలా నడిపే రోస్‌వెల్ టటిల్ గారికి తగిలింది.

టటిల్ గారికి యుద్ధంలో ఎడమకాలు మోకాలి కింద పోయింది. ఉన్నది ఒక కొయ్యకాలు, రెండు గదుల ఇల్లు, ముందు గదిలో ఒక బల్ల, ఇరవై అరల చెక్క బీరువా. అదే తపాలా, ఉత్తరాల మీద వచ్చే కమీషనే జీవనం. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకునే మనిషి కాడు. ఒక చలికాలం ఊరి సభవాళ్ళు ఆయన గుమ్మంలో బండెడు కట్టెలు దింపి వస్తే, మర్నాడు ఆ కట్టెలన్నీ సభ ఇంటి ముందు పేర్చి ఉన్నాయి. కొయ్యకాలితో ఎన్నిసార్లు మోశాడో దేవుడికే తెలియాలి. ఆ తర్వాత ఆయనకి సాయం చెయ్యాలన్న ఊసు ఎవరూ ఎత్తలేదు. కాని తపాలా రౌతు గుర్రం దిగి సంచీ ఇస్తుంటే నిటారుగా నిలబడి అందుకునేవాడు చూడండి, పతకం అందుకునే సేనాధిపతి కూడా అలా నిలబడడు.

ఆయన ఒక మధ్యాహ్నం కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీరు రాసే ఉత్తరాల్లో మూడింట రెండొంతులు ఉత్తరాలే కావని ఎవరో ఫిర్యాదు పెట్టారంట పెద్దాయనా. సోమవారం తనిఖీకి మనిషి వస్తున్నాడు. ఆ రెండొంతులు కొట్టేస్తే మూడు నెలలకి ఉండాల్సిన నూరు ఉత్తరాల లెక్క మనకి తేలదు. తపాలా తీసుకెళ్ళి ఈస్ట్ హాలోలో పెడతారంట."

"నీకేం చెప్పారు?"

"నాకు చెప్పేదేముంది. బల్ల, బీరువా అప్పగించమంటారు." టటిల్ గారు టోపీ చేతిలో తిప్పాడు. "మిమ్మల్ని తప్పు పట్టడానికి రాలేదండీ. మీరు ముందే తెలుసుకుంటే మంచిదని వచ్చాను."

ఆయన కొయ్యకాలి చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. బాబాయి కలం అడుగుతాడని కాగితం సర్దుకుని కూర్చున్నాను. అడగలేదు. ఆ ఇంట్లో నేను కలం అడగని బాబాయిని చూడడం అదే మొదటిసారి.

ఫిర్యాదు చేసినవాడు కూడా తనిఖీకి హాజరు కావాలట. శనివారం మధ్యాహ్నం సెలెక్ గారు గుర్రం మీద దిగారు. సోమవారం ఊళ్ళో సైనిక కవాతు కాబట్టి ఉన్న ఒక్క సత్రమూ నిండిపోయింది. సూర్యుడు కుంగితే మా దగ్గర విశ్రాంతి దినం మొదలవుతుంది, ఆపైన ప్రయాణం చట్టప్రకారం తప్పు. డెబ్భై ఏళ్ళ మనిషి వీధిలో గుర్రం పగ్గం పట్టుకుని నిలబడి ఉంటే నాకు చూడబుద్ధి కాలేదు. వెళ్ళి పిలిచాను. మా ఇంటి గుమ్మం ఎదురుగా కాసేపు తటపటాయించి లోపలికొచ్చారు.

బాబాయి కుర్చీలోంచి లేచాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తొమ్మిదేళ్ళు కాగితం మీద ఏరులై పారిన ఇద్దరికీ ఎదురుపడేసరికి ఒక్క మాట దొరకలేదు.

"మైండ్‌వెల్, ఆయనకి ప్రయాణం బాగా జరిగిందేమో అడుగు" అన్నాడు బాబాయి చివరికి.

"బాగానే జరిగిందని చెప్పు అమ్మాయ్. నకళ్ళ పుస్తకాలు చూడాలని కూడా చెప్పు. ఎన్ని ఉత్తరాలకి ఎన్ని ప్రతులో లెక్క తీసుకోవాలి."

బాబాయి పుస్తకాల అలమర తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, ఆవుని చూసి వస్తానని బయటికి వెళ్ళిపోయాడు. ఆవు బాగానే ఉంది.

నేను పొయ్యిలో చిక్కుడుగింజల కుండ పెట్టుకుంటూ ఉన్నాను. సెలెక్ గారు కిటికీ దగ్గర కూర్చుని కొత్త పుస్తకాల నుంచి పాతవాటికి వెనక్కి వెనక్కి పేజీలు తిప్పుతున్నారు. ప్రతి ఉత్తరం పక్కన 'మూడు' అని ఉంటుంది కదా, ఆయన పెదవులు 'మూడు, మూడు, మూడు' అని కదులుతూనే ఉన్నాయి. ఒక చోట ఆగిపోయాయి.

"అమ్మాయ్, నువ్వీ ఇంటికి ఎప్పుడొచ్చావు?"

"తొంభై నాలుగులోనండి."

"ఇలా రా."

అది తొంభై మూడు నవంబరు పేజీ. అంతకు ముందు ఉత్తరాలన్నీ బాబాయే స్వయంగా రాసుకున్నాడు. వాటి పక్కన 'ఒకటి', 'ఒకటి', 'ఒకటి' అనే ఉంది. సెలెక్ గారు ఇంకా వెనక్కి తిప్పి చూపించారు. యుద్ధం అయిన నాటినుంచి పదేళ్ళు, అన్నీ ఒకటే.

మళ్ళీ నవంబరు పేజీకి వచ్చారు. అంచున బాబాయి చేతిరాతతో రెండు చిన్న వాక్యాలున్నాయి: 'ఈ మూడు నెలల్లో టటిల్ గారి తపాలాలో ముప్ఫై ఎనిమిది ఉత్తరాలు. ఉండవలసినవి నూరు.' దాని కింద, కొంచెం ఎడంగా: 'ఇకనుంచి మూడు.'

కుండ మీద మూత పెట్టడం మరిచిపోయి నిలబడ్డాను. సెలెక్ గారు కళ్ళద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకోలేదు.

"టటిల్ అంటే ఆ కొయ్యకాలాయనేనా?"

"అవునండి. ఊరికే ఇస్తే పుచ్చుకోరు."

"ఆయనకి తెలుసా?"

"నాకే ఇప్పుడు తెలిసింది కదండీ."

కిటికీ అవతల సూర్యుడు కుంగిపోయాడు. సెలెక్ గారు పుస్తకం మూశారు. ఇక సోమవారందాకా ఎవరూ ఏ పనీ మాట్లాడకూడదు.

ఆ ఆదివారం నా జీవితంలో అన్నిటికంటే పొడుగైనది. దేవుని దినం కాబట్టి కలం ముట్టకూడదు. ఉత్తరాలు తప్ప వేరే మాట రాని ఇద్దరు ముసలివాళ్ళు బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. బాబాయి చూపుడువేలు తనకు తెలియకుండానే బల్ల మీద గీతలు గీస్తోంది. సెలెక్ గారు తలకిందులుగా వాటిని చదవడానికి ప్రయత్నిస్తున్నారని నాకు అనుమానం.

"మైండ్‌వెల్, ఆయనకి చిక్కుడుగింజలు ఇంకొంచెం కావాలేమో" అన్నాడు బాబాయి.

"చాలని చెప్పు. చాలా బాగున్నాయని కూడా చెప్పు."

"వండింది నేనేనండీ, నాకే చెప్పొచ్చు" అన్నాను.

ప్రార్థన మందిరంలో మేము ముగ్గురం ఒకే వరసలో కూర్చున్నాం. కీర్తన మొదలవబోతుండగా వెనకనుంచి టక్, టక్‌మంటూ కొయ్యకాలి చప్పుడు వచ్చి, మా పక్కనుంచి దాటి, ముందు బల్ల దగ్గర ఆగింది. టటిల్ గారి కోటు ఉతికి ఇస్త్రీ చేసి ఉంది, రేపటి కోసం కాబోలు. సెలెక్ గారు ఆయన వీపు కేసే చూస్తున్నారు. నేను ప్రసంగం వినకుండా ఆయన ముఖం కేసే చూస్తున్నాను, ప్రభువు నన్ను క్షమించాలి. రేపు సెలెక్ గారు ఏం చెబుతారు? తన సంతకంతో పెట్టిన ఫిర్యాదు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పే మనిషి కాడని, ఆయన్ని తిట్టే ఉత్తరాల్లోనే బాబాయి పదిసార్లు రాయించాడు. నిజం చెబితే టటిల్ గారి బల్ల పోతుంది. ప్రభూ, నిజమూ బల్లా రెండూ నిలిచే దారి నాకు కనిపించడం లేదు, నీకు కనిపిస్తే చాలు, అని ప్రార్థించాను.

సోమవారం పొద్దున్న తనిఖీ అధికారి అమాసా రూట్ గారు టటిల్ గారి ముందు గదిలో కూర్చున్నారు. సన్నగా, మర్యాదగా, పడిశంతో ఉన్న మనిషి. ఊళ్ళో సగం మంది గుమ్మంలో ఉన్నారు. సెలెక్ గారు తెచ్చిన కట్టలోంచి ఆయన మూడు ఉత్తరాలు తీసి పక్కపక్కన పరిచారు. నా చేతిరాత మూడుసార్లు నన్నే చూస్తుంటే తలదించుకున్నాను.

"ఈ మూడింట్లోనూ మాటలు ఒకటేనా సెలెక్ గారూ?"

"ఒకటేనండి. అక్షరం తేడా లేదు."

టటిల్ గారు బల్ల అంచు పట్టుకున్నాడు.

"అయితే మూడూ ఒకటే ఉత్తరం."

"అక్షరాలు అవే. ఉత్తరం అది కాదు" అన్నారు సెలెక్ గారు.

రూట్ గారు ముక్కు తుడుచుకోవడం ఆపి చూశారు.

"చూడండి, మొదటిది వస్తుంది. చదువుతాను. రక్తం మరుగుతుంది. ద్వంద్వయుద్ధానికి పిస్తోళ్ళు తీసుకుని రమ్మని జవాబు రాస్తాను. ఈ కాలంలో దానికి వెనకాడేవాళ్ళు లేరు, మీకు తెలియనిదేముంది. రౌతు వచ్చేదాకా ఆ జవాబు బల్ల మీద ఉంటుంది. ఈలోగా గురువారం రెండోది దిగుతుంది. ఇదేంటి మళ్ళీ అని విసుక్కుంటూనే చదువుతాను. ఫలానా మాట అంత ఘాటుగా లేదే, నేనే అలా చదువుకున్నానా అనిపిస్తుంది. నా జవాబు పొయ్యిలో వేస్తాను. సోమవారం మూడోది వచ్చేసరికి..." ఆయన ఆగారు. బాబాయి వైపు చూడలేదు. "మూడోది వచ్చేసరికి ఈ మనిషితో ఒకే గదిలో ఉన్న రోజులు గుర్తొస్తాయి. నా జవాబు ఎప్పుడూ ఆ మూడోదానికే రాశాను. మొదటిది ఒక్కటే వచ్చి ఉంటే, మాలో ఒకడు ఈపాటికి సమాధిలో ఉండేవాడు. అందుకని నేను అందుకున్నవి మూడు ఉత్తరాలు. ప్రమాణం చేస్తాను."

"మరి ఫిర్యాదు ఎందుకు పెట్టారండీ?"

"శనివారం దాకా ఈ లెక్క నాకూ తెలియలేదు. వెనక్కి తీసుకుంటున్నాను."

పడిశం వల్లనో, నిజంగా మనసు కరగడం వల్లనో చెప్పలేను కాని రూట్ గారు రెండుసార్లు రుమాలు వాడారు. "రుసుము ఇచ్చుకున్నాయనే మూడు అంటుంటే రెండు కొట్టెయ్యడానికి నేనెవర్ని" అని పుస్తకంలో ఏదో రాసుకుని, గుర్రమెక్కి వెళ్ళిపోయారు. టటిల్ గారు బల్ల అంచు వదిలాడు. అక్కడ చెయ్యి పట్టిన చోట చెమట మరక ఉంది. దాన్ని మోచేత్తో తుడిచేసి, ఎవరికేం కావాలని మామూలుగా అడిగాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర మళ్ళీ అదే వరస. పక్కన నేను లేకపోతే ఇద్దరూ ఉప్పు కూడా అడుక్కునేవాళ్ళు కారు. సెలెక్ గారు గుర్రానికి జీను కట్టుకోవడానికి పెరట్లోకి వెళ్ళగానే బాబాయి నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"రాయమ్మా. అయ్యా, ఒడంబడిక విషయంలో తమరు ఇప్పటికీ గాడిదే. కాని గ్రీన్‌బ్రిడ్జ్ నుంచి వెక్స్‌బరీ ఎంత దూరమో, వెక్స్‌బరీ నుంచి గ్రీన్‌బ్రిడ్జ్ కూడా అంతే దూరమని తొమ్మిదేళ్ళుగా నాకు తోచలేదు. శరత్కాలంలో యాపిల్ కోతలయ్యాక తమ ఇంటి దారి పట్టాలని ఉంది, అభ్యంతరం లేకపోతే. తమ అత్యంత విధేయుడైన సేవకుడు."

సిరా ఆరడానికి ఇసక చల్లి, మడిచి, లక్క వేసి తీసుకుని బయటికి వచ్చాను. సెలెక్ గారు గుర్రం మీద ఉన్నారు. పైనున్న పేరు చదివారు.

"నాకేగా. ఇలా ఇవ్వు అమ్మాయ్, ఎలాగూ అక్కడికే పోతున్నాను."

గుమ్మంలోంచి బాబాయి గొంతు వినిపించింది. "తపాలాలో వెయ్యి మైండ్‌వెల్."

సెలెక్ గారు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మొదటిసారి బాబాయి కేసి తిన్నగా చూశారు. "సరే ఎలిఫలెట్. నేను నెమ్మదిగా పోతాను. రౌతు నాకంటే ముందు చేరాలి కదా" అని, నిజంగానే గుర్రాన్ని నడకలో పెట్టి వెళ్ళారు.

టటిల్ గారు ఉత్తరం అందుకుని పేరు చూసి, వీధిలోకి చూసి, మళ్ళీ పేరు చూశాడు.

"ఇదేంటమ్మా, ఆయన ఇప్పుడేగా ఈ గుమ్మం ముందునుంచి పోయింది. చేతికిస్తే పోయేదిగా."

"మా బాబాయి సంగతి మీకు తెలియనిదా" అన్నాను. "మిగతా రెండూ గురువారం ఒకటి, సోమవారం ఒకటి తెస్తాను."

ఆయన తల ఊపాడు. బల్ల మీదకి కొంచెం వంగి, గుమ్మంలో ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"పాపం పెద్దాయనకి యుద్ధం ఇంకా వదల్లేదమ్మా. కొందరికి అంతే, అలా ఉండిపోతుంది. మీరు కూడా విసుక్కోకండి. ఆయన ఎన్ని రాస్తే అన్ని తీసుకురండి, నేనున్నంతకాలం కాదనకుండా పుచ్చుకుంటాను."

అని ఉత్తరాన్ని జాగ్రత్తగా అరలో పెట్టి, కొయ్యకాలు ముందుకు చాపుకుని, సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు.